మీథేన్‌కు ఒక్క ఆక్సిజన్ చేరిస్తే మెథనాల్ కదా, మరి అంత చుట్టుదారి ఎందుకు?

ప్రశ్న: రణస్థలం లెక్చరర్

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. పైడిభీమవరం మందుల కంపెనీల వైపు వెళ్లే ట్యాంకర్ల వెనుక, ప్రమాద సూచిక పలక మీద 1230 అనే సంఖ్య కనిపిస్తూ ఉంటుంది. అది మెథనాల్‌ను గుర్తించడానికి ఐక్యరాజ్య సమితి పద్ధతిలో కేటాయించిన సంఖ్య అని, మందుల తయారీలో మెథనాల్‌ను ద్రావణిగా వాడతారని, మన దేశం తనకు కావలసిన మెథనాల్‌లో చాలా భాగాన్ని దిగుమతి చేసుకుంటుందని తరగతిలో చెప్పాను. అప్పుడు ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి లేచి అడిగింది: శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్‌ వరకు గెయిల్ వారి గ్యాస్ పైపులైను ఉంది కదా, ఆ గ్యాసులో ప్రధానంగా ఉండేది మీథేనే కదా, దానికి ఒక ఆక్సిజన్ పరమాణువు చేరిస్తే మెథనాల్ అవుతుంది కదా, మరి ఇక్కడే చేసుకోకుండా ఓడల మీద తెప్పించుకోవడం ఎందుకు?

ఆ అమ్మాయి సందేహానికి మా పాఠ్యపుస్తకం కూడా కొంత కారణం. ఆల్కేన్ల నియంత్రిత ఆక్సీకరణ అనే శీర్షిక కింద, 523 కెల్విన్ ఉష్ణోగ్రత, 100 అట్మాస్ఫియర్ల పీడనం, రాగి ఉత్ప్రేరకం ఉంటే మీథేన్, ఆక్సిజన్ కలిసి మెథనాల్ ఏర్పడుతుందని ఒక్క వరుస సమీకరణం ఉంటుంది. పరిశ్రమలో మాత్రం ముందు మీథేన్‌ను కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ల మిశ్రమంగా విడగొట్టి, ఆ తరువాత ఆ రెండింటినీ మళ్లీ కలిపి మెథనాల్ చేస్తారని మరొక పాఠం చెబుతుంది. ఒక్క మెట్టులో అయ్యే పనికి రెండు మెట్లు ఎందుకో ఏ పుస్తకమూ చెప్పదు.

దీనికి తోడు, సాధారణ ఉష్ణోగ్రత దగ్గరే మీథేన్‌ను మెథనాల్‌గా మార్చే కొత్త ఉత్ప్రేరకం కనుగొన్నారనే వార్తలు పత్రికలలో తరచూ వస్తున్నాయి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? పైపులైను సంగతి అటుంచితే, మన జిల్లాల్లోని పేడ గ్యాసు, చక్కెర మిల్లులు, డిస్టిలరీల వ్యర్థాల గ్యాసుతో చిన్న మెథనాల్ యూనిట్ పెట్టడం సాధ్యమేనా? ఈ రంగంలో పనిచేసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: బొబ్బిలి రిటైర్డ్

మాస్టారు గారికి నమస్కారం. నేను కోస్తాలో ఒక ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా ప్లాంటు రిఫార్మర్ విభాగంలో ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత బొబ్బిలిలో స్థిరపడ్డాను. మెథనాల్ ప్లాంటులో నేను పనిచేయలేదు. అయితే అమ్మోనియాకైనా మెథనాల్‌కైనా ముందు సగం ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఆ సగం గురించి వివరంగా చెప్పగలను.

మీథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, అల్యూమినా మీద నికెల్ పూసిన ఉత్ప్రేరకం గుండా పంపితే, ఒక్కొక్క మీథేన్ అణువుకు ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు, మూడు హైడ్రోజన్ అణువులు వస్తాయి. ఈ మిశ్రమాన్ని మేము సిన్‌గ్యాస్ అని, ఈ చర్యను రిఫార్మింగ్ అని, అది జరిగే కొలిమిని రిఫార్మర్ అని అంటాం. ఈ చర్య మోల్‌కు 206 కిలోజౌళ్ల వేడిని మింగుతుంది. కాబట్టి ఉత్ప్రేరకం ఎంత మంచిదైనా వేడి అందించనిదే పని జరగదు. ఉత్ప్రేరకం చర్య వేగాన్ని పెంచుతుందే తప్ప సమతాస్థితిని జరపలేదని మీరు తరగతిలో చెప్పే మాటను మేము ప్రతి షిఫ్టులోనూ కళ్లారా చూసేవాళ్లం. ఉష్ణోగ్రత కాస్త తగ్గితే చాలు, బయటికి వచ్చే గ్యాసులో మార్పు చెందకుండా మిగిలిన మీథేన్ శాతం వెంటనే పెరిగేది.

ఆ వేడి అందించడానికే రిఫార్మర్ కొలిమి అంత పెద్దదిగా ఉంటుంది. నికెల్, క్రోమియం ఎక్కువగా ఉన్న మిశ్రలోహాన్ని అచ్చు తిప్పుతూ పోత పోసి, పది నుంచి పదమూడు మీటర్ల పొడవున తయారు చేసిన గొట్టాలు అందులో వందల సంఖ్యలో వరుసలుగా నిలబడి ఉంటాయి. వాటి నిండా రంధ్రాలున్న చిన్న చిన్న స్తంభాల ఆకారంలో ఉత్ప్రేరకం ఉంటుంది, బయట బర్నర్ల మంట ఉంటుంది. లోపలి గ్యాసు 800 డిగ్రీల సెల్సియస్ దాటి బయటికి వస్తే, గొట్టం గోడ 900 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ గొట్టాలను సాధారణంగా లక్ష గంటల ఆయుష్షు లెక్కన డిజైన్ చేస్తారు. డిజైన్ ఉష్ణోగ్రత కంటే ఓ ఇరవై డిగ్రీలు ఎక్కువగా నిలకడగా నడిపితే ఆ ఆయుష్షు సగానికి సగం తరిగిపోతుందని మాకు నేర్పారు.

షిఫ్టు ఎక్కగానే మా మొదటి పని కొలిమి గోడకు ఉన్న పీప్‌హోల్ (లోపలికి చూసే చిన్న రంధ్రం) మూత తీసి, ముదురు రంగు అద్దంలోంచి గొట్టాలను ఒక్కొక్కటిగా చూడడం. ఉత్ప్రేరకం సక్రమంగా పనిచేస్తున్న గొట్టం ముదురు రంగులో, మచ్చ లేకుండా కనిపిస్తుంది. ఎందుకంటే లోపల జరుగుతున్న చర్య బయటి నుంచి వచ్చే వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటూ ఉంటుంది. ఒకచోట ఉత్ప్రేరకం గంధకం తగిలి చచ్చిపోయినా, దాని మీద కర్బనం పేరుకున్నా, ఆ మేర చర్య ఆగుతుంది, వేడిని మింగేది లేకపోతుంది, అక్కడ గొట్టం ప్రకాశవంతమైన ఎర్ర పట్టీలా వెలగడం మొదలవుతుంది. ఆ పట్టీ ఎంత పొడవుంది, నిన్నటికన్నా కిందికి దిగిందా అన్నదాన్ని బట్టి లోపలి ఉత్ప్రేరకం పరిస్థితి తెలిసిపోయేది. లోపల ఏం జరుగుతున్నదీ చెప్పే మీటర్లు ఎన్ని ఉన్నా, ఈ చూపును మించినది నాకు కనిపించలేదు.

గంధకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నికెల్‌కు అది పరమ శత్రువు. గ్యాసులో గంధకం పది లక్షల భాగాలకు 0.1 భాగం కంటే తక్కువకు దింపనిదే రిఫార్మర్‌లోకి పంపరు. ఇందుకోసం గ్యాసును ముందుగా 350 నుంచి 400 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ గుండా పంపుతారు. ఇంటి వంట గ్యాసుకు వాసన రావడానికి కలిపే మెర్కాప్టాన్ కూడా గంధక సమ్మేళనమేనని, ముక్కుకు మేలు చేసేది మా ఉత్ప్రేరకానికి విషమని పిల్లలకు చెప్పండి, గుర్తుంటుంది. ఇక కర్బనం పేరుకోకుండా, చర్యకు అవసరమైన దానికి దాదాపు మూడు రెట్ల ఆవిరిని కలుపుతారు. ఆవిరి పంపు కాసేపు ఆగితే చాలు, నికెల్ రేణువుల మీద సన్నని పోగుల్లా కర్బనం పెరిగి ఉత్ప్రేరకం బిళ్లలను పొడి చేసేస్తుంది.

రెండో సగం గురించి క్లుప్తంగా చెబుతాను. 1923లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ జింక్, క్రోమియం ఆక్సైడ్ల ఉత్ప్రేరకంతో, 250 అట్మాస్ఫియర్లకు మించిన పీడనంతో మెథనాల్ తయారీ ప్రారంభించింది. 1966లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ సంస్థ రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినాల ఉత్ప్రేరకంతో 220 నుంచి 280 డిగ్రీల మధ్య, 50 నుంచి 100 అట్మాస్ఫియర్ల దగ్గరే ఆ పని చేయగలిగింది. ఈనాటికీ అదే పద్ధతి నడుస్తోంది. ఒకసారి పంపితే గ్యాసు మొత్తం మారదు. అందుకే ఏర్పడిన మెథనాల్‌ను చల్లార్చి తీసివేసి, మిగిలిన గ్యాసును మళ్లీ మళ్లీ తిప్పుతారు. ఇందులోని గొప్పతనం ఏమిటంటే, మారిన కర్బనంలో 99 శాతానికి పైగా మెథనాల్‌గానే మారుతుంది, పక్క ఉత్పత్తులు నామమాత్రం.

కాబట్టి మీ విద్యార్థినికి నా జవాబు ఇది: చుట్టుదారిలో ప్రతి మెట్టు దగ్గరా ఏది వస్తుందో ముందే తెలుసు, వచ్చినదాన్ని తీసుకోవడమూ తెలుసు. ఒక్క మెట్టు దారి ఇప్పటికి పరిశోధన పత్రాలకే పరిమితమని, మన జీవితకాలంలో అది కర్మాగారం దాకా రావడం కష్టమని నా అభిప్రాయం.

జవాబు 2: విజయనగరం పరిశోధకురాలు

మాస్టారు గారికీ, బొబ్బిలి పెద్దాయన గారికీ నమస్కారాలు. మాది విజయనగరం. ఉత్ప్రేరకాల మీదే నా పరిశోధన. పెద్దాయన రిఫార్మర్ గురించి చెప్పినదానికి నేను చేర్చవలసింది ఏమీ లేదు. అయితే నేరుగా మార్చడం ఎందుకు కష్టమో ఆయన వదిలిపెట్టారు కాబట్టి దాన్ని నేను తీసుకుంటాను. ఆయన చివరి మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను, ఆ సంగతి తరువాత చెబుతాను.

మీథేన్‌లో కార్బన్, హైడ్రోజన్ల మధ్య బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్ల శక్తి కావాలి. నాలుగు బంధాలూ ఒకేలా ఉంటాయి, అణువుకు ధ్రువత్వం లేదు, ఉత్ప్రేరకం పట్టుకోవడానికి వీలైన కొస ఏదీ లేదు. అందువల్లనే మీథేన్ కదలదని చాలామంది అంటారు. నిజానికి కదిలించడం అసలు సమస్య కాదు. గాలిలో 5 నుంచి 15 శాతం వరకు మీథేన్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, అది ఎలా కదులుతుందో బొగ్గు గనుల వాళ్లకు తెలుసు. అసలు సమస్య, కదిలినదాన్ని మనకు కావలసిన చోట ఆపడం. మెథనాల్‌లోని కార్బన్, హైడ్రోజన్ బంధం సుమారు 402 కిలోజౌళ్లతోనే తెగుతుంది. అంటే మీథేన్‌ను తాకగలిగినంత చురుకైన ఉత్ప్రేరకం ముందు మెథనాల్ మరింత సులువుగా దొరికిపోతుంది. మీథేన్ నుంచి మెథనాల్ వరకు వస్తే విడుదలయ్యే శక్తి మోల్‌కు సుమారు 126 కిలోజౌళ్లు, చివరి దాకా కాలిపోయి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అయితే సుమారు 802. నిటారైన కొండవాలు మీద, దాదాపు పై అంచునే ఉన్న చిన్న మెట్టు దగ్గర బండరాయిని ఆపాలని చూడడం లాంటి పని ఇది.

మీ పుస్తకంలోని సమీకరణం అబద్ధం కాదు. ఆ పరిస్థితుల్లో మెథనాల్ వస్తుంది. ఎంత వస్తుందన్నదే సమీకరణం చెప్పదు. ఇలాంటి నేరు ఆక్సీకరణలో మీథేన్ మారే శాతాన్ని చాలా తక్కువగా ఉంచితేనే మెథనాల్ వాటా బాగుంటుంది. మారే శాతాన్ని పెంచబోతే మెథనాల్ వాటా కూలిపోయి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. వందలో మూడు పాళ్లే మార్చి మిగిలిన తొంభై ఏడు పాళ్లను వేరుచేసి, మళ్లీ పీడనం పెంచి తిప్పడం కంటే పెద్దాయన గారి రిఫార్మరే చవక. పరీక్షలో ఆ సమీకరణం రాయించండి గాని, అది పరిశ్రమ పద్ధతి కాదని పక్కనే ఒక ముక్క చెప్పండి.

ఏర్పడిన మెథనాల్‌ను కాపాడుకోవడానికి పరిశోధకులు కొన్ని మంచి ఉపాయాలు పన్నారు. రాయ్ పెరియానా బృందం 1998లో ప్రచురించిన పద్ధతిలో, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిన ప్లాటినం సంక్లిష్టం మీథేన్‌ను మెథైల్ బైసల్ఫేట్‌గా మారుస్తుంది. మెథనాల్ రూపం ఆమ్లంతో కట్టుబడి ఉన్నంతసేపు మళ్లీ ఆక్సీకరణం చెందడానికి మొరాయిస్తుంది, అందువల్ల ఒక దఫాకు 70 శాతానికి పైగా దిగుబడి వచ్చింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దాని నుంచి మెథనాల్ విడిపించాలంటే నీరు కలపాలి, నీరు కలిస్తే ఆమ్లం పలచబడుతుంది, దాన్ని మళ్లీ గాఢంగా చేయడానికి అయ్యే ఖర్చు లాభాన్ని తినేస్తుంది.

రెండో ఉపాయం రాగిని జియోలైట్ అనే ఘన పదార్థంలోని సూక్ష్మ రంధ్రాలలో ఉంచడం. ముందు ఆక్సిజన్‌తో వేడి చేసి రాగి దగ్గర చురుకైన ఆక్సిజన్‌ను నిలుపుతారు, తరువాత ఆక్సిజన్ తీసివేసి మీథేన్ పంపుతారు, చివరగా నీటి ఆవిరితో మెథనాల్‌ను కడిగి తీస్తారు. మీథేన్, ఆక్సిజన్ ఒకే సమయంలో ఎదురుపడవు కాబట్టి ఏర్పడినది కాలిపోదు. ఇక్కడ వచ్చిన చిక్కు పరిమాణంలో ఉంది. ఒక గ్రాము జియోలైట్ ఒక దఫాకు 200 మైక్రోమోళ్ల మెథనాల్ ఇస్తే పరిశోధనశాలలో సంతోషిస్తాం. మోల్‌కు 32 గ్రాముల చొప్పున చూస్తే అది 6.4 మిల్లీగ్రాములు. అంటే ఒక టన్ను జియోలైట్ ఒక దఫాకు 6.4 కిలోలు ఇస్తుంది, వేడి చేసి చల్లార్చే ఆ దఫాకు గంటలు పడుతుంది.

ఈ పనిని సాధారణ ఉష్ణోగ్రత దగ్గర అలవోకగా చేసేవి మీథేన్‌ను తిని బతికే బాక్టీరియాలు మాత్రమే. మన వంశధార ఆయకట్టులో నీరు నిలిచిన వరి మళ్ల నుంచి మీథేన్ పైకి వస్తుందని అందరికీ తెలుసు. అదే మడిలో, వరి వేళ్ల చుట్టూ, మట్టి పై పొరలో కాస్త ఆక్సిజన్ అందే చోట ఈ బాక్టీరియాలు ఉండి, అందులో కొంత భాగాన్ని గాలిలో కలవకముందే పట్టుకుంటాయి. వాటిలోని మీథేన్ మోనాక్సిజనేజ్ అనే ఎంజైములో ఒక రకానికి ఇనుము, మరొక రకానికి రాగి ఆధారం. అయితే ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువుల్లో ఒకటి మెథనాల్‌లోకి, రెండోది నీటిలోకి పోతాయి. ఆ రెండో దానికోసం కణం తన సొంత శక్తి నిల్వను ఖర్చు పెట్టాలి. ప్రకృతి కూడా ఈ పనిని ఉచితంగా చేయడం లేదు.

మెథనాల్ ఒక్కటే గమ్యం కాదన్న సంగతి కూడా విద్యార్థులకు తెలియాలి. రెండు మీథేన్ అణువులను ఆక్సిజన్ సాయంతో జోడించి ఇథిలీన్ చేయవచ్చని 1982లో యూనియన్ కార్బైడ్ శాస్త్రజ్ఞులు కెల్లర్, భాసిన్ చూపించారు. సిలికా మీద మాంగనీస్, సోడియం టంగ్‌స్టేట్ ఉన్న ఉత్ప్రేరకం దీనికి బాగా పేరుపొందింది. 700 నుంచి 850 డిగ్రీల దగ్గర జరిగే ఈ చర్యలో ఒక్కసారి పంపినప్పుడు వచ్చే దిగుబడి 25, 30 శాతం దగ్గరే ఆగిపోతూ వస్తోంది. కారణం మళ్లీ పాతదే: ఇథిలీన్ మీథేన్ కంటే సులువుగా కాలుతుంది. అసలు ఆక్సిజనే లేకుండా, మాలిబ్డినం ఉన్న జియోలైట్ మీద 700 డిగ్రీల దగ్గర మీథేన్‌ను బెంజీన్‌గా, హైడ్రోజన్‌గా మార్చవచ్చని 1993లో చైనా శాస్త్రజ్ఞులు చూపారు. అక్కడ కాలిపోయే భయం లేదు గాని, సమతాస్థితి 12 శాతం దగ్గరే గీత గీస్తుంది, ఉత్ప్రేరకం గంటలలోనే కర్బనంతో మూసుకుపోతుంది.

పత్రికలలో వచ్చే కొత్త ఉత్ప్రేరకాల గురించి అడిగారు. వాటిలో అధిక భాగం నిజాయితీగా చేసిన పనే, శీర్షిక పెట్టేవారి ఉత్సాహమే ఎక్కువ. నేను ముందుగా చూసేది ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చిందని. గాలిలోని ఆక్సిజన్‌కు బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడి ఉంటే, మెథనాల్ కంటే ఖరీదైన పదార్థాన్ని ఖర్చు చేసి మెథనాల్ చేశారన్నమాట. తరువాత, మారిన మీథేన్ శాతాన్నీ, అందులో మెథనాల్ వాటానూ ఒకే ప్రయోగంలో కలిపి చెప్పారా లేదా అని చూస్తాను. 95 శాతం మెథనాలే వచ్చిందని రాసి, అసలు మారిన మీథేన్ వెయ్యింట ఒక వంతేనన్న సంగతి పట్టికలో ఎక్కడో పెట్టిన పత్రాలు తక్కువేమీ కాదు.

ఇక పెద్దాయన గారితో నాకున్న భేదాభిప్రాయం. పైపులైను ఉన్న చోట, రోజుకు వేల టన్నులు చేసే చోట రిఫార్మర్‌ను ఏదీ ఓడించలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్రపంచవ్యాప్తంగా చమురు క్షేత్రాలలో ఏటా దాదాపు 14,000 కోట్ల ఘనపు మీటర్లకు పైగా గ్యాసును, తరలించే మార్గం లేక, అక్కడికక్కడే మంట పెట్టి వదిలేస్తున్నారు. అంత దూరానికి పైపులైను వేయడమూ, అంత కొద్ది గ్యాసుకు రిఫార్మర్ కట్టడమూ రెండూ గిట్టవు. అలాంటి చోట దిగుబడి తక్కువైనా, చిన్న యంత్రంతో నేరుగా ద్రవంగా మార్చే పద్ధతి వస్తే చాలు. నేరు మార్గం పోటీ పడవలసింది పెద్దాయన గారి కొలిమితో కాదు, ఆ వృథా మంటతో.

జవాబు 3: రాజాం బయోగ్యాస్

నమస్తే మాస్టారూ. నేను ఒక డిస్టిలరీకి అనుబంధంగా ఉన్న బయోగ్యాస్ ప్లాంటులో పనిచేస్తున్నాను. పై ఇద్దరూ శాస్త్రం చెప్పారు, నేను లెక్క చెబుతాను.

రోజుకు 10,000 ఘనపు మీటర్ల బయోగ్యాస్ వచ్చే ప్లాంటును తీసుకోండి. అందులో 60 శాతం మీథేన్ అనుకుంటే 6,000 ఘనపు మీటర్లు. కిలోమోల్‌కు 22.4 ఘనపు మీటర్ల చొప్పున సుమారు 268 కిలోమోళ్లు. ప్రతి మీథేన్ అణువూ మెథనాల్ అయిందనుకున్నా 8.6 టన్నులు. కొలిమికి మండించుకునే గ్యాసు, ఇతర నష్టాలు పోతే ఐదారు టన్నులు వస్తే గొప్ప. ప్రపంచంలో ఇప్పుడు కడుతున్న పెద్ద మెథనాల్ ప్లాంట్లు ఒక్కొక్కటి రోజుకు 5,000 టన్నుల స్థాయివి. అంటే మనది వాటిలో వెయ్యో వంతు. కంప్రెసర్లు, రియాక్టర్, శుద్ధి స్తంభం, మూడు షిఫ్టుల మనుషులు మాత్రం వెయ్యో వంతుకు తగ్గరు.

గంధకం సంగతి మరీ ముఖ్యం. బొబ్బిలి పెద్దాయన పది లక్షలకు 0.1 భాగం అన్నారు. మొలాసిస్ నుంచి స్పిరిట్ తీసిన తరువాత మిగిలే స్పెంట్‌వాష్‌లో సల్ఫేట్ ఎక్కువ. దాని గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు శాతం దాటి ఉండడం మామూలే. అంటే పది లక్షలకు 20,000 భాగాలు. బాయిలర్‌కు పంపడానికే మేము స్క్రబ్బర్ పెట్టి కడుగుతాం. అయినా గ్యాస్ లైను బెండ్ల దగ్గర గొట్టం లోపలి నుంచి పలచబడుతూనే ఉంటుంది. నికెల్ ఉత్ప్రేరకానికి తగినంత శుద్ధి చేయడం సాధ్యమే, కానీ ఆ శుద్ధి యూనిట్టే ఒక చిన్న కర్మాగారం అవుతుంది.

అన్నింటికంటే ముందు అడగవలసిన మాట, మెథనాల్ దేనికి కావాలి? ఇంధనానికైతే లెక్క తేలిపోతుంది. కిలో మీథేన్‌లో 50 మెగాజౌళ్ల శక్తి ఉంది. దాని నుంచి మహా అయితే రెండు కిలోల మెథనాల్ వస్తుంది, కిలోకు 20 చొప్పున 40 మెగాజౌళ్లు. ఆచరణలో మూడో వంతు శక్తి దారిలోనే పోతుంది. అదే గ్యాసును శుద్ధి చేసి, 90 శాతం పైగా మీథేన్ ఉండేలా చేసి, సిలిండర్లలో కుదించి అమ్మితే నేరుగా బండి నడుస్తుంది. 2018లో వచ్చిన సతత్ పథకం కింద చమురు సంస్థలు అలాంటి గ్యాసు కొంటున్నాయి. ఇంటి పేడ గ్యాసు గురించైతే ఆలోచించనే వద్దు. కిలో పేడకు దాదాపు 40 లీటర్ల గ్యాసు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కలపాలి. దాంతో పొయ్యి వెలుగుతుంది, ఆ పొయ్యే దానికి సరైన చోటు.

ఒక్క విషయంలో మాత్రం బయోగ్యాస్‌కు అనుకూలత ఉంది. ఇందులో 35, 40 శాతం కార్బన్ డయాక్సైడ్ ముందే ఉంటుంది. ఆవిరితో మాత్రమే రిఫార్మింగ్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్‌కు మూడు రెట్లు హైడ్రోజన్ వస్తుంది, మెథనాల్‌కు కావలసింది రెండు రెట్లే. మూడు మీథేన్, రెండు నీరు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువులు కలిస్తే నాలుగు కార్బన్ మోనాక్సైడ్, ఎనిమిది హైడ్రోజన్ అణువులు వస్తాయి. అంటే సరిగ్గా కావలసిన పాళ్లు. రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ ఓలా ఈ మార్గం గురించి విస్తారంగా రాశారు. మన గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ ఆ పాళ్లకు కావలసినంతకంటే ఎక్కువే ఉంది. కాకపోతే అది పాల్గొనే చర్య ఆవిరి చర్యకంటే ఎక్కువ వేడిని, మోల్‌కు 247 కిలోజౌళ్లను మింగుతుంది, ఉత్ప్రేరకం మీద కర్బనం పేరుకునే ప్రమాదమూ ఎక్కువే.

రణస్థలం లెక్చరర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. పుస్తకంలోని సమీకరణం గురించి, బయోగ్యాస్ లెక్క గురించి నా సందేహాలు తీరాయి. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. ఆక్సిజన్‌తోనే ఇంత తంటా ఉన్నప్పుడు, ఆక్సిజన్ లేకుండా మీథేన్‌ను కర్బనం, హైడ్రోజన్‌గా విడగొట్టి రెండింటినీ అమ్ముకోవడం గురించి మీ అభిప్రాయం ఏమిటి? మరొకటి, ఈ విషయాన్ని ఇంటర్ ప్రయోగశాలలో పిల్లలకు కళ్ల ముందు చూపించే మార్గం ఏదైనా ఉందా?

బొబ్బిలి రిటైర్డ్

విజయనగరం అమ్మాయి వృథా మంట గురించి చెప్పింది సమంజసంగానే ఉంది. అంత దూరపు క్షేత్రాలు నా అనుభవంలో లేవు, పైపులైను గ్యాసు వరకే నా మాటను పరిమితం చేసుకుంటున్నాను. మీ మొదటి ప్రశ్నకు వస్తే, మీథేన్‌ను విడగొట్టడానికి మోల్‌కు 75 కిలోజౌళ్లు చాలు. ఆవిరి పద్ధతిలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ బెడద కూడా లేదు. కానీ మేము సర్వీసంతా ఏ కర్బనానికి భయపడి ఆవిరి ఎక్కువ కలిపామో, అదే కర్బనం ఇక్కడ ప్రధాన ఉత్పత్తి. 16 కిలోల మీథేన్‌కు 12 కిలోల కర్బనం, 4 కిలోల హైడ్రోజన్ వస్తాయి. ఘన ఉత్ప్రేరకం వాడితే దాని మీదే కర్బనం కూర్చుంటుంది. అందుకే కరిగిన లోహం గుండా మీథేన్ బుడగలు పంపి, పైకి తేలిన కర్బనాన్ని తీసే పద్ధతిని పరిశోధిస్తున్నారు. నికెల్, బిస్మత్ మిశ్రమంతో 2017లో వచ్చిన పని అందులో చెప్పుకోదగినది. ఆ కర్బనాన్ని టైర్ల కంపెనీలు కొనే నాణ్యతలో తీయగలిగితేనే లెక్క కుదురుతుంది, లేకపోతే గుట్టలుగా పోసుకోవాలి.

విజయనగరం పరిశోధకురాలు

ప్రయోగం గురించి: మీథేన్, ఆక్సిజన్ కలిపి ఏదీ చేయించకండి, గాజు పాత్రలో అది పేలుడు మిశ్రమం. 1817లో హంఫ్రీ డేవీ, వేడి చేసిన ప్లాటినం తీగను బొగ్గు గ్యాసు, గాలి కలిసిన చోట ఉంచితే మంట లేకుండానే అది ఎర్రగా వెలుగుతూ ఉండడాన్ని గమనించారు. దానికి దగ్గరి ప్రయోగం ఒకటి చేయవచ్చు. గాజు బీకరు అడుగున మూడు నాలుగు మిల్లీలీటర్ల మెథనాల్ మాత్రమే పోసి, మందపాటి రాగి తీగను స్ప్రింగులా చుట్టి, దూరంగా ఉన్న బర్నర్ మీద ఎర్రగా కాల్చి, ద్రవానికి తగలకుండా ఆవిరిలో వేలాడదీయాలి. బర్నర్ ఆర్పివేసినా తీగ కాసేపు వెలుగుతూ ఉంటుంది. రాగి ఉపరితలం మీద మెథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా ఆక్సీకరణం చెందుతూ వెలువరించే వేడే అందుకు కారణం. నల్లబడిన తీగ ఆవిరి తగిలిన చోట మళ్లీ రాగి రంగుకు తిరగడం కూడా పిల్లలకు కనిపిస్తుంది. అదే తీగను అదే వేడితో మీథేన్‌లో పెడితే అలా నిలవదు. మెథనాల్ ఎంత సులువుగా చేయి జారిపోతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ప్రయోగం నాకు తెలియదు.

మెథనాల్ ఆవిరి, ఫార్మాల్డిహైడ్ రెండూ విషపూరితమే కాబట్టి ఫ్యూమ్ కప్‌బోర్డులోనే (విష వాయువులను బయటికి లాగేసే అద్దాల అరలోనే), మీరు మాత్రమే చేసి చూపించాలి. మెథనాల్ సీసాకు మూత బిగించి ముందుగానే వేరే గదిలోకి పంపించండి. బీకరును కప్పడానికి తడి గుడ్డ, కళ్లజోడు దగ్గర పెట్టుకోండి. ఫ్యూమ్ కప్‌బోర్డు లేకపోతే ఈ ప్రయోగం వద్దు.